పెళ్లింటి మిద్దె మీద ఎరుపూ నీలమూ

అందరికీ నమస్కారం. నా వెనక కొబ్బరాకుల పందిరి కనిపిస్తోంది కదా, ఇది అనంతపురంలో మా అక్కావాళ్ల ఇల్లు. ఇది 2025 ఫిబ్రవరి, ఈ వారంలోనే మా మేనకోడలి పెళ్లి. ఆ వీడియో తర్వాత వస్తుంది. ముందు మొన్న బుధవారం రాత్రి ఈ మిద్దె మీద మా బావకూ నాకూ మధ్య ఏం జరిగిందో చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కొత్తగా చూస్తున్నవారి కోసం ఒక్క మాట. నేను పదకొండేళ్లుగా లివర్‌పూల్ నగరంలో ఉంటున్నాను. అక్కడ రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. ఎర్ర చొక్కాల లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్, నీలం చొక్కాల ఎవర్టన్ మైదానం గూడిసన్ పార్క్. మధ్యలో స్టాన్లీ పార్క్ అనే తోట, అంతే. అటు నుంచి ఇటు నడిచి రావచ్చు. నేను మొట్టమొదట అద్దెకు దిగింది గూడిసన్ పక్క వీధిలో. ఆ చలికాలంలో ఎవరూ తెలియని నన్ను పక్కింటి పెద్దాయన పిలిచి, తన నీలం మఫ్లరు నా మెడకు చుట్టి మ్యాచ్‌కు తీసుకువెళ్లారు. ఆ రోజు నుంచి నేను ఎవర్టన్ మనిషిని.

మా బావ ఎప్పుడూ ఇంగ్లండ్ రాలేదు. పాతవూరిలో ఎరువుల దుకాణం నడుపుతారు. కానీ లివర్‌పూల్ మీద ఆయన ప్రేమ నాకంటే పాతది. 2005 మే నెలలో ఇస్తాంబుల్‌లో యూరప్ కప్పు ఫైనల్ జరిగింది. ఇటలీ జట్టు మిలాన్ మీద సగం ఆటకే 0-3తో వెనకబడిన లివర్‌పూల్, ఆ తర్వాత ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి, చివరికి పెనాల్టీల్లో కప్పు గెలిచింది. ఉక్కపోతకు నిద్రపట్టక టీవీ పెట్టిన మా బావ ఆ ఆట చూశారు. తెల్లవారేసరికి ఆయన ఎర్రజట్టు మనిషి అయిపోయారు. నేను ఉద్యోగానికి లివర్‌పూల్ వెళ్తున్నానని చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆయనే. నేను నీలం వైపు చేరానని తెలిసిన రోజు అక్కకు ఫోను చేసి, "మీ తమ్ముడు మన కొంప ముంచాడు" అన్నారట.

మన దగ్గర బావకూ బావమరిదికీ మధ్య పరాచికం హక్కు. అన్నను అనలేని మాట, మామను అనలేని మాట బావను అనవచ్చు. అనకపోతేనే ఏదో తేడా వచ్చిందని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. ఆ నగరంలోనూ నేను చూసింది అదే. ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం. ఆదివారం ఒకే బల్ల దగ్గర భోజనం, మధ్యలో ఎత్తిపొడుపులు. రెండు జట్లు తలపడే రోజున చాలా కుటుంబాలు రెండు రంగుల్లో కలిసే బయలుదేరతాయి.

మా బావ దగ్గర ఒక అస్త్రం ఉంది. ఎవర్టన్ చివరిసారి పెద్ద కప్పు గెలిచింది 1995లో, ఎఫ్ఏ కప్పు. "అప్పటికి మా పెళ్లే కాలేదు. ఇప్పుడు మా అమ్మాయి పెళ్లి చేస్తున్నాం. మీ కప్పు ఇంకా రాలేదు" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతున్నారు. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని మా పెద్దమ్మ కూడా నన్ను చూసి జాలిపడుతోంది.

నా దగ్గరా ఒకటి ఉంది, అది ఇంకా పాతది. ఆన్‌ఫీల్డ్‌లో మొదట ఆడింది ఎవర్టనే, 1884 నుంచి. 1891లో ఇంగ్లండ్ లీగ్ గెలిచింది కూడా అక్కడ ఆడుతున్నప్పుడే. ఆ తర్వాత అద్దె దగ్గర మైదానం యజమాని జాన్ హౌల్డింగ్ అనే పెద్దమనిషితో గొడవ వచ్చింది. ఎవర్టన్ వాళ్లు 1892లో మూటాముల్లె సర్దుకుని తోట అవతల గూడిసన్‌కు వెళ్లిపోయారు. ఖాళీ మైదానం మిగిలిన హౌల్డింగ్ కొత్త జట్టును పుట్టించాడు. అదే లివర్‌పూల్. "బావా, మేం ఖాళీ చేసిన ఇంట్లో మీరు దిగారు" అంటాను. ఆయనకు దీనికి జవాబు లేదు. "2025 ఫిబ్రవరి నాటికి 19 లీగులు, ఆరు యూరప్ కప్పులు" అని లెక్క మొదలుపెడతారు. మా లీగులు తొమ్మిది. లెక్కలో ఆయనే గెలుస్తారు, ఒప్పుకుంటాను. కానీ వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే జిల్లాలో పుట్టినవాణ్ని నేను. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అని విత్తనం దాచుకునే మనుషుల మధ్య పెరిగాను. గెలిచే జట్టును వెతుక్కుని వెళ్లడం నాకు చేతకాదు.

ఇక ఆ రాత్రి సంగతి. గూడిసన్‌లో ఈ రెండు జట్ల మధ్య చివరి ఆట అది. ఈ 2024-25 సీజన్ అయ్యాక ఎవర్టన్ రేవు ఒడ్డున కట్టిన కొత్త స్టేడియానికి మారుతుంది. అసలు ఆ ఆట డిసెంబరు 7న జరగాలి. టికెట్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. డారా తుపాను వచ్చి వాయిదా పడింది. కొత్త తేదీ ఫిబ్రవరి 12 అని తెలిసినప్పుడు నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. మేనకోడలి పెళ్లివారం అది. పెళ్లా, ఆటా అన్న ప్రశ్నే లేదు. టికెట్ పక్కింటి పెద్దాయన కొడుక్కి ఇచ్చి విమానం ఎక్కాను.

అక్కడ సాయంత్రం ఏడున్నర అంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట. కింద గదుల నిండా చుట్టాలు పడుకుని ఉన్నారు. ఆ రోజు మాఘ పున్నమి. మిద్దె మీద లైటు వేయనక్కరలేకుండా వెన్నెల. చాప మీద నేను, బావ, మా మేనల్లుడు, మధ్యలో లాప్‌టాప్. మేనల్లుడికి పద్నాలుగేళ్లు. 1969లో విసెంటె ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని అనంతపురం పిల్లలకు ఫుట్‌బాల్ దగ్గరయింది, వాడూ వాళ్ల మైదానంలోనే ఆడతాడు. ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవారు కాబట్టి తన జట్టు బార్సిలోనా అంటాడు. ఆ రాత్రికి మాత్రం మామ పక్షం చేరాడు.

పదకొండో నిమిషంలో బెటో గోల్ కొట్టాడు. నోరు గట్టిగా మూసుకుని కేక ఆపుకున్నాను. అయిదు నిమిషాలకే మకలిస్టర్ తలతో కొట్టి సమం చేశాడు. బావ నా తొడ మీద ఒక్కటి వేశారు.

విరామంలో మేనల్లుడు ఫోనులో ఏదో వెతికి, "నాన్నా, మీ వాళ్లను ఏడిపించే పాట ఒకటి దొరికింది" అని నవ్వుతూ చదవబోయాడు. మొదటి వరుస వినగానే నాకు అర్థమైంది. హిల్స్‌బరోలో చనిపోయినవారి మీద కట్టిన పాట అది. బావ ముఖం తిప్పుకున్నారు. ఫోను నేనే తీసుకుని పక్కన పెట్టాను.

లివర్‌పూల్‌లో పక్కింటి పెద్దాయన నాకు చెప్పిందే వాడికి చెప్పాను. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిడికి లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆట చూడటానికి వెళ్లిన పిల్లలు, అన్నదమ్ములు, తండ్రులు. అదే రోజు మరో సెమీఫైనల్లో గెలిచిన ఎవర్టన్ వాళ్లు ఇంటికి వచ్చి పండగ చేసుకోలేదు. చనిపోయినవారిలో వాళ్ల ఇరుగుపొరుగువాళ్లున్నారు, వాళ్ల ఇళ్లవాళ్లే ఉన్నారు. కొద్దిరోజులకు రెండు జట్ల అభిమానులూ తమ మఫ్లర్లు విప్పి, ఒకదానికొకటి ముడివేసి, స్టాన్లీ పార్క్ మీదుగా గూడిసన్ నుంచి ఆన్‌ఫీల్డ్ దాకా కట్టారు. ఒక ఎరుపు, ఒక నీలం, మళ్లీ ఎరుపు. ఈ మాట చెబుతున్నప్పుడు ఆ పెద్దాయన గొంతు నిలబడలేదు. ఓడినవాణ్ని ఎంతైనా అనొచ్చు. పోయినవాళ్ల జోలికి వెళ్లకూడదు.

మేనల్లుడు తల దించుకుని తండ్రి భుజానికి ఆనుకున్నాడు. బావ వాడి జుట్టు నిమిరి, "వాడికేం తెలుసు, పసివాడు" అన్నారు. కాసేపటికి నా వైపు మంచినీళ్ల చెంబు జరిపారు.

రెండో సగంలో, 73వ నిమిషంలో సలా గోల్. ఇక బావను పట్టలేకపోయాం. "పాత ఇంటివాళ్లకు వీడ్కోలు విందు ఇలాగే పెడతాం" అంటూ మిద్దె చివరిదాకా నడిచి వచ్చారు. తొంభై నిమిషాలు దాటాయి, రిఫరీ కలిపిన అదనపు సమయం నడుస్తోంది. నేను లాప్‌టాప్ వైపు చూడలేక చంద్రుడి వైపు చూస్తూ కూర్చున్నాను. 98వ నిమిషంలో మేనల్లుడు నా చెయ్యి పట్టి లాగాడు. టార్కోవ్‌స్కీ వచ్చిన బంతిని వచ్చినట్టే బాదాడు. గోల్! ఇంతసేపూ దాచుకున్న కేకలన్నీ ఒక్కసారి వచ్చేశాయి. వీడియో సమీక్ష అన్నారు, ఊపిరి బిగపట్టాం, గోల్ నిలిచింది. 2-2. కింద లైట్లు వెలిగాయి. పెళ్లింట్లో ఏం జరిగిందోనని పెద్దమ్మ గుండె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆమెకు నిజంగా క్షమాపణ చెప్పుకున్నాను.

కాసేపటికి గూడిసన్ నుంచి పెద్దాయన కొడుకు పంపిన వీడియో వచ్చింది. నా సీటు నుంచి తీసింది. చుట్టూ జనం ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. బావ దాన్ని రెండుసార్లు చూశారు. "ఆ మైదానం పడగొట్టకుండా ఉంటే బాగుండు" అన్నారు. అప్పటిదాకా ఆపుకున్న నా కళ్లు ఆ మాటకు ఆగలేదు.

తెల్లవారుజామున మగపెళ్లివారి తరఫు చుట్టాలను తీసుకురావడానికి ఇద్దరం స్కూటరు మీద రైల్వే స్టేషనుకు బయలుదేరాం. వంటవాళ్లు అప్పటికే లేచి ఓళిగలకు శనగపప్పు పొయ్యి మీద వేస్తున్నారు. దారి పొడవునా బావ ఒక్క మాట మాట్లాడలేదు. గడియారస్తంభం దగ్గర స్కూటరు ఆపి, పైకి చెయ్యి చూపించారు.

"చూడు, మన ఊళ్లో గడియారం ఉంది. 90 నిమిషాలు అంటే 90 నిమిషాలే. మీ ఊళ్లో రిఫరీకి ఎవరైనా ఒకటి కొనిపెట్టండి."

"కొనిపెడతాం బావా," అన్నాను. "అద్దె బాకీ కింద."