మీ చిన్న సీపీయూ జాతకం ప్రాసెసర్‌లో లేదు, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద ఉంది!

ఈ స్టిక్కర్ చూడండి, సీపీయూకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీదిది. కెమెరాకి ఇంకాస్త దగ్గరగా పెడతాను, ఆగండి. 180 వాట్లు. కనిపించిందా? ఇది డెల్ కంపెనీ ఆప్టిప్లెక్స్ 7050, స్మాల్ ఫారం ఫ్యాక్టర్. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో మానిటర్ పక్కన సన్నగా నిలబడి ఉంటుందే, ఆ డబ్బా. దీని గురించి నన్ను అడిగే ప్రతి ఒక్కరిదీ ఒకటే ప్రశ్న: ఐ5 తీసుకోవాలా, ఐ7 తీసుకోవాలా, ఎన్నో జనరేషన్? నేను చెప్పేదీ ఒకటే. ఈ డబ్బాలో పెత్తనం ప్రాసెసర్‌ది కాదు, ఎస్‌ఎంపీఎస్‌ది! ప్రాసెసర్ పేరు చూసి డబ్బులు ఇచ్చేస్తున్నారు. ఈ స్టిక్కర్ చదివేవాళ్ళే లేరు.

విండోస్ 10 గొడవ మీకు తెలిసిందే. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే, ఒకటీ అరా మినహాయింపు తప్ప. అంతే, "7వ జనరేషన్ దాకా అంతా చెత్త, ముట్టుకోవద్దు" అని ఒక పాట మొదలైంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఓ షాపతను నా ముందే ఒక కుర్రాడికి ఇదే చెప్పి, రెట్టింపు ధర ఉన్నది అంటగట్టాడు. ఆ కుర్రాడికి కావాల్సింది ఆన్‌లైన్ క్లాసులు, కాస్త కోడింగ్. 7వ జనరేషన్ ఐ5-7500లో నాలుగు కోర్లున్నాయి, 3.4 గిగాహెర్ట్జ్. దానికి ఈ పని ఒక లెక్కా?

ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 6, 7, 8, 9 జనరేషన్లు నాలుగింటికీ సాకెట్, అంటే బోర్డు మీద చిప్ కూర్చునే చోటు, పేరు ఎల్‌జీఏ 1151. ఈ బోర్డులో 8వ జనరేషన్ చిప్ పెడితే చక్కగా కూర్చుంటుంది. కానీ పని చేయదు. కొత్త చిప్‌కి ఎక్కువ పవర్ పిన్‌లు కావాలి, అందుకే 300 సిరీస్ చిప్‌సెట్ ఉన్న కొత్త బోర్డు తప్పనిసరి అని ఇంటెల్ అంది. ఇంట్లో కూర్చుని ప్రయోగాలు చేసే కుర్రాళ్ళు పిన్‌ల మీద టేపు అంటించి, బయాస్ (బోర్డు సొంత ప్రోగ్రామ్) మార్చి, అదే చిప్‌ని పాత బోర్డుల్లో నడిపించి చూపించారు. మరి ఏది నిజం? మీరే ఆలోచించండి. నేనైతే మిమ్మల్ని ఆ టేపు పని చేయమనడం లేదు, బోర్డు పోతే ఎవరూ ఇవ్వరు.

సరే, అసలు పనికొద్దాం. ఇది మా బాబాయ్‌ది. ఖమ్మంలో జిరాక్స్ షాపు. "ఒరేయ్, బటన్ నొక్కి టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉందిరా, దీన్ని అమ్మేసి కొత్తది తీసుకుంటా" అన్నాడు. "బాబాయ్, ఒక్క ఆదివారం నాకివ్వు" అన్నాను. మూత తీశాను. లోపల నీలం రంగు పట్లు కనిపిస్తున్నాయా? అవి చేత్తో తీసేవి, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. నాలుగు ర్యామ్ స్లాట్లు. పెట్టింది ఒకే ఒక్క 8 జీబీ స్టిక్! దాని కింద తిరిగే హార్డ్ డిస్క్. పక్కనే ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్, ఇన్నేళ్ళుగా ఖాళీగా, దుమ్ము పట్టి. బాబాయ్ ఇన్నాళ్ళూ తిట్టుకున్నది ప్రాసెసర్‌ని. పాపం దాని తప్పేముంది?

రెండో 8 జీబీ స్టిక్ పెట్టాను, డ్యూయల్ ఛానల్ అయింది, అంటే రెండు స్టిక్‌లూ ఒకేసారి పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పీసీలో స్క్రీన్ పని కూడా ఈ ర్యామే మోయాలి, అందుకే రెండో స్టిక్ ఇక్కడ అంత తేడా చూపిస్తుంది. కాకపోతే ఇప్పుడు ర్యామ్ ధర వింటే గుండె ఆగుతుంది. ఏఐ డేటా సెంటర్లకే చిప్పులన్నీ పోతున్నాయి. మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో, జనం కొనుక్కునే క్రూషియల్ బ్రాండే మానేస్తున్నామని ప్రకటించింది. అందుకే పాత డబ్బా అమ్మేసేవాళ్ళు ముందు లోపల ఎంత ర్యామ్ ఉందో చూసుకోండి.

ఆ ఖాళీ ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టాను, తిరిగే డిస్క్ కన్నా చాలా వేగం. అది కొనేటప్పుడు దాన్ని బిగించే బుల్లి స్క్రూ కూడా అడిగి తెచ్చుకోండి. సెకండ్ హ్యాండ్ డబ్బాల్లో చాలాసార్లు అది ఉండదు. లైనక్స్ వేసేవాళ్ళకి ఇంకో జాగ్రత్త: బయాస్‌లో డిస్కుల సెట్టింగ్, సాటా మోడ్, "రైడ్ ఆన్" అని ఉంటే ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీ కనిపించదు. ఏహెచ్‌సీఐకి మార్చండి. షాపులో రెండు గంటలు తల బాదుకుని, ఎస్‌ఎస్‌డీ పాడైందని వాపసు ఇచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఆఖరున ప్రాసెసర్ వేడి లాగే హీట్‌సింక్ తీస్తే పేస్టు ఎండిన సున్నంలా పొడి రాలింది. తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు. ఇప్పుడు బాబాయ్ టీ గ్లాసు ఎత్తేలోపు డెస్క్‌టాప్ వచ్చేస్తోంది.

ఇప్పుడు గేమింగ్ తమ్ముళ్ళు వినండి. గ్రాఫిక్స్ కార్డు పెట్టొచ్చా? పెట్టొచ్చు, స్టిక్కర్ ఒప్పుకుంటే! ప్రాసెసర్‌కి 65 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీది, లో-ప్రొఫైల్ (పొట్టి) కార్డుకి 70. మొత్తం 135. మిగిలిన 45లోనే బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు. బొటాబొటి. కార్డు పెట్టే స్లాట్ నుంచి ప్రమాణం ప్రకారం వచ్చేది మహా అయితే 75 వాట్లు, కొన్ని మోడళ్ళలో అంత కూడా ఇవ్వరు, మాన్యువల్ చూడండి. ఆర్ఎక్స్ 6400 కార్డుకి 53 వాట్లే చాలు, కానీ అది నాలుగు లేన్లతోనే (డేటా దారులు) నడుస్తుంది, ఇలాంటి పాత పీసీఐఈ 3.0 స్లాట్ ఉన్న బోర్డులో వేగం కొంత పోతుంది. ఇంకొకటి, కార్డు రెండు స్లాట్ల మందం ఉంటే ఎస్‌ఎంపీఎస్‌కి తగులుతుందేమో కొనకముందే స్కేలు పెట్టి కొలవండి.

"అన్నా, ఎస్‌ఎంపీఎస్ మార్చేస్తే పోలా?" ఇదిగో, నా మంట ఇక్కడే. నేనూ అదే అనుకున్నా. వేరే కంపెనీ ఆఫీసు పీసీ, పేరు చెప్పను. 500 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నా. మామూలు ఎస్‌ఎంపీఎస్‌కి ఉండే 24 పిన్‌ల కనెక్టర్ చేతిలో పట్టుకుని బోర్డు మొత్తం వెతికా. దానికి చోటే లేదు! వాళ్ళ సొంత కనెక్టర్, వాళ్ళ సొంత సైజు. హార్డ్ డిస్క్‌కి కరెంటు కూడా బోర్డులోంచే. మార్చే కేబుల్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కానీ ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో పట్టదు, బయట బల్ల మీద పెట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో అలా వైర్లు వేలాడదీస్తామా?

ఎస్‌ఎంపీఎస్ నుంచి 12 వోల్ట్ మాత్రమే ఇస్తే కరెంటు ఆదా, సొంత కనెక్టర్ అందుకే అని కంపెనీలు అంటాయి. ఆదా నిజమే, కాదనను. కానీ అదే పనికి ఇంటెల్ 2019లోనే 10 పిన్‌ల ప్రమాణం తెచ్చింది కదా, ఏటీఎక్స్12వీఓ అని. అందరూ అదే ఒక్క కనెక్టర్ వాడితే ఏం పోయింది? నా లెక్క ఒకటే: ఎస్‌ఎంపీఎస్ మార్చగలిగితే మీరు కొత్త డబ్బా కొనరు. తాళం వేసింది అక్కడే. మన ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. కంపెనీల మాన్యువళ్ళు, విడిభాగాల సమాచారం ఒక చోట పెట్టడానికి. మంచిదే. కానీ నాకు కావాల్సింది విడిభాగం అడ్రసు కాదు, ఏ షాపులో కొన్నా సరిపోయే కనెక్టర్.

అందుకే నాకో సాయం చేయండి. మీ దగ్గర ఇలాంటి చిన్న సీపీయూ ఉంటే ప్లగ్ పీకి, మూత తీసి, స్టిక్కర్ ఫోటో తీయండి. మోడల్ నంబరు, ఎన్ని వాట్లు, బోర్డుకి వెళ్ళే కనెక్టర్‌లో ఎన్ని పిన్‌లు, ఈ మూడూ కింద రాయండి. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం విప్పకండి, ప్లగ్ పీకాక కూడా దాని లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. దేనిది దేనికి సరిపోతుందో నేను జాబితా కడుతున్నా. మొదటి వరుసలో బాబాయ్ డబ్బా రాసేశాను: 7050, 180 వాట్లు.