అట్ట మీద ఒక్క వాక్యం

గ్రంథాలయ మిత్రులందరికీ నమస్కారం.

కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లో ఏ ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకం చేతిలోకి తీసుకున్నా, అట్ట మీద చిన్న అక్షరాల్లో, ఇది ఈ ప్రాంతంలోనే అమ్మాలి, బయటి దేశాలకు పంపరాదు అనే హెచ్చరిక తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యానికి చట్టబలం ఎంత అన్నదే ఈ పూట నా విషయం.

అమెరికాలో గణితం చదవడానికి 1997లో వెళ్లిన ఒక థాయ్‌లాండ్ విద్యార్థి, అక్కడ ఎంతో ఖరీదైన పాఠ్యపుస్తకాలే తమ దేశంలో చవకగా దొరుకుతాయని గమనించి, ఇంటివాళ్ల చేత, స్నేహితుల చేత కొనిపించి తెప్పించుకుని అమ్మారు. విదేశాల్లో అచ్చయిన తన పుస్తకాలను అనుమతి లేకుండా అమెరికాలో అమ్మరాదని ప్రచురణ సంస్థ జాన్ వైలీ దావా వేస్తే, జ్యూరీ ఎనిమిది పుస్తకాలకు, ఒక్కోదానికి 75,000 డాలర్ల చొప్పున, 6 లక్షల డాలర్ల పరిహారం విధించింది. 2013 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఆ వాదనను తోసిపుచ్చింది. హక్కుదారు అనుమతితో అచ్చయిన ప్రతి, ఏ దేశంలో అచ్చయినా సరే, ఒకసారి సక్రమంగా అమ్ముడయ్యాక దాన్ని మళ్లీ అమ్ముకునే స్వేచ్ఛ కొన్నవారిదేనని జస్టిస్ బ్రేయర్ రాశారు. అమెరికా గ్రంథాలయాల్లో విదేశీ ప్రచురణలు కనీసం 20 కోట్లు ఉన్నాయని, వాటిని అరువివ్వడానికి ఎవరెవరి అనుమతి వెతుక్కోవాలని గ్రంథాలయ సంఘాలు అడిగిన ప్రశ్న ఆ తీర్పులో చోటు చేసుకుంది. మన వృత్తివాళ్ల మాట అంతటి కోర్టును కదిలించడం నాకెంతో సంతోషం.

మన దేశంలో పరిస్థితి వేరు. అమెరికాలో సక్రమంగా అచ్చయిన పుస్తకాలనైనా, ఇక్కడి ప్రత్యేక లైసెన్సుదారు (ఇక్కడ అమ్మే హక్కు తనకొక్కరికే ఉన్నవారు) అనుమతి లేకుండా తెచ్చి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనేనని 1984లో పెంగ్విన్ కేసులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. రచయిత అనుమతితో విదేశంలో ప్రచురితమై దిగుమతైన ప్రతిని ఉల్లంఘన ప్రతిగా చూడరాదని 2010 కాపీరైట్ సవరణ బిల్లు, ఉల్లంఘన ప్రతి అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(ఎం)కు ఒక నిబంధన ప్రతిపాదించింది. పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని సమర్థించింది. ప్రచురణకర్తలు గట్టిగా వ్యతిరేకించారు, 2012 చట్టంలో అది కనిపించలేదు. ఇక్కడి చవక ముద్రణలు బయటి దేశాలకు పోయి, చివరికి ఆగిపోతాయన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, వాటితోనే చదువుకున్నాను. అయితే ఆ నిబంధన మన దేశంలోకి వచ్చే పుస్తకాల గురించినది, ఇక్కణ్నుంచి బయటికి పోయేవాటి గురించి కాదు. దాన్ని తిరిగి చేర్చమని గ్రంథాలయాలు అడగాలి.

సినిమాలకు ఈ కట్టడి యంత్రంలోనే ఉంది. డీవీడీల కోసం ప్రపంచాన్ని అంకెలున్న ప్రాంతాలుగా విభజించారు. అమెరికా డీవీడీలు 1వ ప్రాంతానివి, మనవి 5వ ప్రాంతానివి కాబట్టి, అక్కడి బంధువులు పంపిన డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో తిరస్కారానికి గురవుతుంది. మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 65ఏ, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను దాటితేనే రెండేళ్ల వరకు జైలు అంటుంది. డబ్బిచ్చి కొన్న డిస్కును ఇంట్లో కూర్చుని చూడటానికి ప్రాంతపు అడ్డు తొలగించుకున్నవారికి ఆ ఉద్దేశం అంటగట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.