మొదటి పది మంది

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో కొందరు కోవర్కింగ్ స్పేస్, అంటే వేర్వేరు పనులవాళ్లు సీటు అద్దెకి తీసుకుని ఒకేచోట పనిచేసుకునే ఆఫీసు, పెట్టబోతున్నారు, కొందరు ఇప్పటికే పెట్టేశారు. రెండో రకం వాళ్లని గుర్తుపట్టడం తేలిక. ఫోన్ మోగితే చాలు, ఎంక్వైరీ కాలేమోనని ఉలిక్కిపడి చూస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే చూసినవాణ్ణి.

నేను నలభై సీట్లతో మొదలుపెట్టాను. మంచి కుర్చీలు, రెండు ఇంటర్నెట్ లైన్లు, మీటింగ్ రూమ్, గాజు తలుపు మీద పేరు, అన్నీ ఉన్నాయి. ఇల్లు అలకగానే పండగ కాదని ఊరికే అనలేదు. మొదటి వారంలో తలుపు తోసుకుని వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు కొరియర్ అబ్బాయి. రెండో ఆయన పై అంతస్తుకి దారి అడిగి వెళ్లిపోయాడు.

ఈ కష్టం నాతో మొదలైంది కాదని తర్వాత తెలిసింది. 2005లో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ శాన్ ఫ్రాన్సిస్కోలో స్పైరల్ మ్యూజ్ అనే చోట వారానికి రెండు రోజులు ఇలాంటి ఏర్పాటు చేశాడు. ఇవాళ మనం కోవర్కింగ్ అంటున్నదానికి దాన్నే మొదలుగా చెబుతారు. ఏటా ఆగస్టు 9ని కోవర్కింగ్ దినంగా జరుపుకునేదీ అందుకే. ఆయన దగ్గరికీ మొదటి నెలంతా ఒక్కరూ రాలేదు! ఈ సంగతి విన్నాక నాకు కాస్త ఊపిరి ఆడింది. ఆ మరుసటి సంవత్సరం న్యూయార్క్‌లో ఇద్దరు స్నేహితులు అసలు ఆఫీసు జోలికే పోలేదు. తామున్న అపార్ట్‌మెంట్‌కే అందరినీ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని రమ్మన్నారు. దానికి జెల్లీ అని పేరు పెట్టారు. 2007లో ఫిలడెల్ఫియాలో ఇండీ హాల్ తెరిచిన అలెక్స్ హిల్‌మన్, ఆయన తోటివాళ్లు కూడా ముందు మనుషుల్ని కూడగట్టుకున్నారు, తర్వాతే చోటు వెతుక్కున్నారు.

నేను దాన్ని తలకిందులుగా చేశాను. లీజు మీద సంతకం పెట్టి, ఫర్నిచర్ కొని, ఆ తర్వాత మనుషుల కోసం వెతికాను. మీలో ఇంకా సంతకం పెట్టనివాళ్లు ఉంటే ఒక పని చేయండి. వారంలో ఒక రోజు ఎక్కడో ఒకచోట, ఎవరింట్లోనైనా సరే, కలిసి పనిచేసుకుందామని తెలిసినవాళ్లని పిలవండి. ఇలా ఆరు వారాలు నడపండి. మూడోసారి కూడా వచ్చినవాళ్లు ఎవరో రాసిపెట్టుకోండి. మూడోసారి ఎవరూ రాలేదంటే, లీజు ఖర్చు లేకుండానే మీకు విషయం అర్థమైనట్టు.

సరే, సంతకం పెట్టేశారు, తలుపులు తీసేశారు, లోపల ఖాళీ. ఇప్పుడేం చేయాలి?

అందరూ ముందు ప్రకటనల మీద పడతారు. నేనూ పడ్డాను. ప్రకటన చూసి వచ్చినాయన చుట్టూ చూసి, "ఎవరూ లేరేంటండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఖాళీ హాల్లోకి మనిషిని డబ్బిచ్చి రప్పించుకున్నామంటే, ఆ ఖాళీని ఊరంతా చాటుకున్నట్టే. అందుకని ముందు చోటు తగ్గించండి. నలభై సీట్లున్నా ఒక గదిలోని పన్నెండే వాడండి, మిగతా వైపు లైట్లు ఆపేసి తలుపు వేసేయండి. పన్నెండులో ఐదుగురుంటే సందడి, నలభైలో ఐదుగురుంటే రైల్వే వెయిటింగ్ రూమ్. మీ టేబుల్ కూడా ఆ గదిలోనే వేసుకోండి. క్యాబిన్‌లో కూర్చున్న యజమానిని చూస్తే ఎవరికీ పలకరించబుద్ధి కాదు.

ఇక పిలవడం. పోస్టరు పెట్టడం వేరు, మనిషిని పేరుపెట్టి పిలవడం వేరు. నా మొదటి ఏడుగురు ఫోన్ చేసి పిలిస్తే వచ్చినవాళ్లే. అనువాదాలు చేసే ఒకావిడ, ఇంటి నుంచి కంపెనీ పని చేసుకునే ఇద్దరు, ఒక అకౌంటెంటు, ఇలా. "మా స్పేస్‌లో చేరండి" అని వాళ్లని అడగలేదు. "మంగళవారం మేం ముగ్గురం ఉంటాం, మీరూ ల్యాప్‌టాప్ తెచ్చుకోండి" అన్నాను. ఆ ముగ్గురిలో ఒకణ్ణి నేనే అనుకోండి. వచ్చినప్పుడు టూర్ ఇచ్చి పంపేయొద్దు. పది నిమిషాల టూర్‌లో తెలిసేది సోఫా రంగే. వాళ్ల పని వాళ్లు ఒక పూర్తి రోజు అక్కడ చేసుకుంటే ఇంటర్నెట్ ఆగుతుందో లేదో, వీడియో కాల్ ఎక్కడ మాట్లాడుకోవచ్చో, పక్కవాడి గొంతు ఎంత పెద్దదో, అన్నీ వాళ్లే తేల్చుకుంటారు. వెళ్లేటప్పుడు "మళ్లీ ఎప్పుడు వస్తారు?" అని అడిగి, ఏ రోజో చెప్పించుకోండి. ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడి నేను ఎంతమందిని పోగొట్టుకున్నానో.

రాలేమన్నవాళ్లు సాధారణంగా రేటు ఎక్కువంటారు. పూర్తిగా నమ్మొద్దు. అది మర్యాదగా తప్పుకోవడానికి అందరికీ దొరికే మాట. రెండు వారాలయ్యాక తీరిగ్గా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. కాల్స్ మాట్లాడుకునే చోటు లేదనో, సాయంత్రం ఏడుకే తాళం వేస్తున్నారనో చెబుతారు. రేటు తగ్గిస్తే ఇవి పోవు.

తగ్గింపు ఇవ్వొద్దని కాదు. మొదటి పది మందికి ఇవ్వండి. పది మందికే అని, ఎప్పటి వరకు అని కాగితం మీద రాసివ్వండి. అందుకు బదులుగా ఏదైనా అడగండి. నెలకోసారి అరగంట కూర్చుని ఏం బాగాలేదో చెప్పాలన్నది నా షరతు. ఏసీ నేరుగా తల మీద కొట్టే సీటు గురించి నాకు తెలిసింది అలాగే. అందరికీ ఎప్పటికీ ఉచితమంటే మాత్రం, వచ్చినవాళ్లు బిల్లు మొదలైన రోజున మాయమవుతారు.

ఇంకొకటి, దీని మీద మీలో చాలామంది నాతో గొడవపడతారు. ఆరంభంలోనే పద్నాలుగు మంది టీమ్ ఒకటి వచ్చి మేమంతా ఇక్కడే చేరతాం అంటే, ఎగిరి గంతేయాలనిపిస్తుంది. నేను గంతేశాను. నెల తిరిగేసరికి అది వాళ్ల ఆఫీసైపోయింది. మధ్యాహ్నం వాళ్ల మీటింగ్ జరుగుతుంటే నా అనువాదకురాలు అతిథిలా మూలకి సర్దుకుని కూర్చునేది. ఐదో నెలలో ఆ టీమ్ వేరే చోటికి వెళ్లిపోయింది. అప్పటికి విడిగా వచ్చే నలుగురూ మానేశారు. మళ్లీ కొరియర్ అబ్బాయే దిక్కు. ఇప్పుడైతే ఒక్క కంపెనీకి మూడో వంతు కంటే ఎక్కువ సీట్లు ఇవ్వను. మీకు అద్దె గండం ఉంటే ఇవ్వాల్సి రావచ్చు, కాదనను. కానీ విడిగా వచ్చేవాళ్ల గది వేరుగా ఉంచండి.

నేను మళ్లీ ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ మొదలుపెట్టాను. అనువాదకురాలు తిరిగి వచ్చింది. ఒకరోజు కరెంటు పని మీద నేను బయటికి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఎవరో కొత్తమ్మాయి లోపల కూర్చుని పని చేసుకుంటోంది. అనువాదకురాలే తలుపు తీసి, అంతా తిప్పి చూపించి, వైఫై పాస్‌వర్డ్ కూడా ఇచ్చేసిందట. ఆ అమ్మాయి సాయంత్రమే డబ్బు కట్టి చేరింది. ఏసీ కింది సీటు మాత్రం వద్దని ముందే చెప్పింది.