ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ గలగల: పాత పెట్రోల్ పికప్ నాకింగ్ ఎలా పట్టాం, ఓబీడీ డాంగిల్ రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ సౌండ్ వినండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమంటోంది కదా? సాలూరు దాటి సుంకి ఘాట్ మొదలవగానే, నాలుగో గేర్‌లో, వెనకాల ఉల్లిపాయల లోడుతో ఉన్నప్పుడు ఫోన్ డాష్‌బోర్డ్ మీద పెట్టి రికార్డ్ చేశాను. బండి మా చిన్నాన్నది. 2018 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్, చిన్న పికప్. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. సెమిలిగుడ నుంచి అల్లం, క్యాబేజీ కిందకి దింపుతాం, కింద నుంచి కిరాణా సరుకు పైకి తెస్తాం. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో మాలాంటి తెలుగు ఇళ్లలో చాలామందికి ఇదే బతుకుతెరువు, అందుకే ఈ వీడియో కొంచెం వివరంగా చేస్తున్నాను.

ఒక మెకానిక్‌కి చూపిస్తే రెండు నిమిషాలు విని, "ఇంజిన్ దింపాలి, బోర్ పని" అన్నాడు. 35,000 చెప్పాడు. చిన్నాన్న ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. "ఒరే, ఆ డబ్బుతో రెండు నెలలు ఇల్లు గడుస్తుందిరా" అన్నాడు. అప్పుడు కొన్నాను ఈ డాంగిల్, అంటే బండి కంప్యూటర్‌లోని నంబర్లు ఫోన్‌లో చూపించే చిన్న పరికరం. ఆన్‌లైన్‌లో 600 రూపాయలు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుపుకోవడమే.

డాంగిల్ సంగతికి వెళ్లే ముందు ఒక్క మాట. నాకింగ్ అంటే ఏమిటో తెలియకపోతే ఆ నంబర్లు చూసి లాభం లేదు. ప్లగ్ నిప్పు పెట్టాక మంట సిలిండర్‌లో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పాకాలి. మంట చేరేలోపే చివరనున్న పెట్రోల్, గాలి మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తనే అంటుకుంటే, ఆ దెబ్బ పిస్టన్‌కి, హెడ్‌కి తగులుతుంది. ఆ చప్పుడే ఇది. పట్టించుకోకుండా తిప్పితే రింగులు కూర్చునే గట్లు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు నిజంగానే ఇంజిన్ దింపాలి.

సౌండ్ ఎప్పుడు వస్తోందో ముందు గమనించండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్ అని వచ్చి, వేడెక్కాక తగ్గితే అది నాకింగ్ కాదు, పిస్టన్ ఆడటమో టాపెట్లో చూసుకోవాలి. ఒకే ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర రేకు గీరినట్టు వస్తే సైలెన్సర్ మీది వేడి రేకు లూజై ఉంటుంది, చేత్తో కదిపితే తెలిసిపోతుంది (ఇంజిన్ బాగా చల్లారాకే చెయ్యి పెట్టండి). లోడు మీద తొక్కినప్పుడు వచ్చి, మూడో గేర్‌కి దించగానే ఆగిపోతే అది నాకింగే. మాది అదే.

ఇక్కడ మన కొండ ప్రాంతం వాళ్లకి ఒక చిక్కుంది. దీని గురించి ఎవరూ చెప్పరు. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, డాంగిల్‌లో మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే దారిలో గాలి ఒత్తిడి కొలిచేది) నంబర్ చూడండి. సెమిలిగుడలో, సుమారు 900 మీటర్ల ఎత్తులో, 91 కిలోపాస్కల్ చూపించింది. కింద సాలూరులో 99. పైన గాలి పల్చన, సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ, నాకింగ్ కూడా తక్కువ. మా ఊళ్లో ఖాళీ బండి నడిపి చూసి "ఏం లేదు, బాగుంది" అన్నవాళ్లందరూ అందుకే అలా అన్నారు. వాళ్ల తప్పేం లేదు. టెస్ట్ ఘాట్ కింద, లోడుతో, ఎండలో చెయ్యాలి.

డాంగిల్ పెట్టకముందే ఒక దొంగ దొరికాడు. మా దారిలో బంకు దూరమైతే చిన్న షాపుల్లో బాటిల్ పెట్రోల్ పోయించుకోవడం అలవాటు. చిన్నాన్న కూడా వారానికి రెండు మూడుసార్లు పోయిస్తాడు. ఆ బాటిల్‌లోంచి ఒక చుక్క ఫిల్టర్ పేపర్ మీద వేశాను. మంచి పెట్రోలైతే రెండు నిమిషాల్లో ఆరిపోయి మరక ఉండకూడదు. ఇదిగో, చూడండి, నూనె మరకలా మిగిలిపోయింది. ఇలా మరక మిగిలితే కిరోసిన్ లాంటిది కలిసిందేమో అని అనుమానించాలి. కిరోసిన్ కలిస్తే ఆక్టేన్, అంటే నాకింగ్‌ని తట్టుకునే గుణం, పడిపోతుంది, ఆక్టేన్ పడితే నాకింగ్ తప్పదు. ఈ పేపర్ టెస్ట్ బంకులో కూడా అడగొచ్చండి, అది మన హక్కు. డెన్సిటీ చూపించమని కూడా అడగొచ్చు.

ట్యాంక్ ఖాళీ చేయించి 95 ఆక్టేన్ పెట్రోల్ నింపాం. సౌండ్ సగానికి పైగా తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఖరీదైన పెట్రోల్ కొడుతూ ఉంటారు. ఆక్టేన్ పెంచితే చప్పుడు తగ్గడం వేరు, కారణం పోవడం వేరు.

ఇప్పుడు డాంగిల్. నాకు పనికొచ్చిన నంబర్ ఫ్యూయల్ ట్రిమ్. సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోల్ ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో ఆ లెక్క. పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే కంగారు అక్కర్లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో కాస్త ప్లస్‌లో ఉండటం కూడా మామూలే. మా బండి ఐడిల్‌లో, అంటే తొక్కకుండా ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు, ప్లస్ 3. సగం యాక్సిలరేటర్‌తో, 2,500 ఆర్పీఎం దగ్గర, లోడు మీద ప్లస్ 16! అంటే పెట్రోల్ చాలడం లేదు, ఈసీయూ అడుగుతూనే ఉంది. లోడు మీద పెట్రోల్ చాలకపోయినా నాకింగ్ వస్తుంది. ఇది తిరగబడి, ఐడిల్‌లో ఎక్కువ, తొక్కినప్పుడు తక్కువ ఉంటే ఎక్కడో పైపు దగ్గర గాలి పీలుస్తోందేమో అని అనుమానించాలి. మాకు అలా కాదు కాబట్టి నేరుగా ట్యాంక్‌లోని పంపు దగ్గరికి వెళ్లాం. జాలీ అంతా నల్లటి మడ్డి. ఆ బాటిళ్ల పుణ్యమే అని నా నమ్మకం. జాలీ, ఫిల్టర్ మార్చాక అదే చోట ప్లస్ 5.

పూర్తిగా తొక్కినప్పుడు ఈ ట్రిమ్ నమ్మకండి. అప్పుడు చాలా బళ్లలో ఈసీయూ ఆ సెన్సర్ మాట వినదు.

ప్లగ్గులు కూడా విప్పాం. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలున్నాయి, అది నాకింగ్ గుర్తు. ప్లగ్ నంబర్ కూడా చూడండి, ఎందుకంటే ఎన్‌జీకేలో నంబర్ పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌లో నంబర్ పెరిగితే వేడి ప్లగ్. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చేటప్పుడు "అదే నంబర్ ఇవ్వు" అంటే తేడా వచ్చేస్తుంది. వేడి ప్లగ్ పడితే అదే నిప్పుకణికలా మారి ముందే అంటించేస్తుంది. మావి సరైనవే, అయినా పాతబడ్డాయని మార్చేశాం.

కూలెంట్ వేడి ఘాట్ మొత్తంలో 98 డిగ్రీలు దాటలేదు, రేడియేటర్ జోలికి పోలేదు.

చివరగా చిన్నాన్న అలవాటు. పెట్రోల్ కలిసొస్తుందని నాలుగో గేర్‌లోనే, 1,500 ఆర్పీఎంలో, మూలుగుతున్నా లాగించేవాడు. తక్కువ ఆర్పీఎంలో ఎక్కువ తొక్కడం నాకింగ్‌ని పిలిచి కూర్చోబెట్టడమే. "చిన్నాన్నా, మలుపుకి ముందే మూడులో వెయ్యి" అని పక్కన కూర్చుని నాలుగు ట్రిప్పులు చెప్పాను. ఇప్పుడు తనే వేస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం మామూలు పెట్రోల్‌తో, ఉల్లి లోడుతో, సుంకి దాటేవరకు కిటికీలు దించి విన్నాం. ఒక్కసారి కూడా రాలేదు.

జాలీ, ఫిల్టర్, ప్లగ్గులు, లేబర్, ట్యాంక్ ఖాళీ చేయించడం, డాంగిల్ అన్నీ కలిపి 4,200 అయింది.

డాంగిల్ మీద నా మాట: కొనండి. లోపాలున్నాయి. నంబర్లు నెమ్మదిగా మారతాయి, ఘాట్‌లో రెండుసార్లు బ్లూటూత్ తెగింది. నాకింగ్‌ని నేరుగా చూపించదు, లోపం చెప్పే ఎర్రర్ కోడ్ కూడా రాలేదు, వెతకాల్సింది మనమే. డ్రైవింగ్ చేస్తూ ఫోన్ చూడకండి, పక్కన ఒకరు కూర్చుని చూడాలి. రాత్రి సాకెట్‌లోంచి పీకెయ్యండి, వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది. మాకు మూడో రోజు పొద్దున్న బండి తోసి స్టార్ట్ చెయ్యాల్సి వచ్చింది.