మంచి మెషీన్‌ని మేనేజర్ ఎందుకు వద్దంటాడు? బోనస్ వెనక లెక్క

ఎక్సెల్ తెరవండి. అంబత్తూరులో బ్రేక్ విడిభాగాలు తయారుచేసే ఓ డివిజన్ అనుకుందాం. అంకెలు ఊహించినవే, కానీ చెన్నైలో ఖర్చుల లెక్కలు (కాస్ట్ అకౌంటింగ్) చూసేవాళ్లకి కొత్తగా ఏమీ అనిపించవు. బి2లో పెట్టుబడి 10 కోట్లు, బి3లో ఏడాది లాభం 2.5 కోట్లు. బి3ని బి2తో భాగిస్తే ఆర్‌ఓఐ, అంటే పెట్టుబడి మీద రాబడి, 25 శాతం. మేనేజర్‌కి బోనస్ రావాలంటే 24 ఉండాలి.

ఇప్పుడు 2 కోట్ల సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్ ప్రతిపాదన వచ్చింది. తరుగుదల పోగా ఏటా 36 లక్షలు మిగులుతుంది, అంటే 18 శాతం. పెట్టుబడి డబ్బు తెచ్చుకోవడానికి కంపెనీకి అయ్యే ఖర్చు 12 శాతమే. ఇంకేం, కొనేయొచ్చు. కానీ మేనేజర్ కుర్చీలో కూర్చుని చూడండి: 2.86ని 12తో భాగిస్తే 23.83. బోనస్ గోవిందా! "ఆర్డర్లు అంత గట్టిగా లేవు సార్, వచ్చే ఏడు చూద్దాం" అంటాడు. అది సాకు అని అతనికే తెలియకపోవచ్చు. కొత్తగా వచ్చే రూపాయి ఇచ్చే సంతోషం కన్నా, మనదనుకున్న రూపాయి పోతే కలిగే బాధే పెద్దది. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లో ప్రాస్పెక్ట్ థియరీలో చెప్పింది ఇదే.

ఇంకో తమాషా ఉంది. అసలేమీ కొనకపోతే? ఏడాది తిరిగేసరికి కోటి తరుగుదల పోయి పెట్టుబడి 9 కోట్లవుతుంది. అదే లాభానికి ఆర్‌ఓఐ 27.8! పాత మెషీన్లు అరుగుతుంటే మార్కులు పెరుగుతాయన్నమాట. అందుకే తరుగుదల తీయని అసలు ధర మీద కూడా ఓసారి లెక్కకట్టండి.

ఇప్పుడు కొలత మారుద్దాం. రెసిడ్యువల్ ఇన్‌కమ్: లాభంలోంచి పెట్టుబడి మీద 12 శాతం తీసేయండి. మెషీన్ లేకుండా 2.5లోంచి 1.2 పోతే 1.30 కోట్లు. మెషీన్‌తో 2.86లోంచి 1.44 పోతే 1.42. 12 లక్షలు పెరిగింది, ఇక సంతకం పెట్టడానికి అతనికి అడ్డేముంది? అయితే ఈ అంకెతో డివిజన్లని పోల్చకండి, పెద్ద డివిజన్‌కి పెద్ద అంకె మామూలే. బోనస్‌ని నిరుటి మీద పెరుగుదలకి ముడిపెట్టండి.

గీత గీసి ఇచ్చే బోనస్ మరీ ప్రమాదం. 23.9కి సున్నా, 24కి మొత్తం అంటే లెక్కల ఏడాది ముగిసేలోపు అమ్మకాలు చూపించడానికి సరుకు తోసేస్తారు, మార్చి ఆఖర్లో డీలర్ల గోడౌన్లు నిండిపోతాయి. 22 నుంచి 26 దాకా మెట్టుమెట్టుగా ఇస్తే ఆ ఆత్రం తగ్గుతుంది. అనుమానముంటే మార్చి ఆఖరి వారం ఇన్‌వాయిస్‌ల పక్కన ఏప్రిల్ క్రెడిట్ నోట్లు (సరుకు వాపసుకి ఇచ్చేవి) పెట్టి, డీలర్ పేరు వారీగా ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేయండి.