తక్కువ ఖర్చుతో బుడాపెస్ట్: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ జేబు మూసుకోవాలి

నమస్తే అండీ. ఈసారి బుడాపెస్ట్. స్టార్ హోటళ్ళు, క్రూజ్ డిన్నర్ల బుడాపెస్ట్ కాదు. బ్యాక్‌ప్యాక్ భుజాన వేసుకుని, హాస్టల్లో ఒక మంచం తీసుకుని, ప్రతి బిల్లునూ మనసులో రూపాయల్లోకి మార్చుకునే మనలాంటివాళ్ళ బుడాపెస్ట్.

నా తీర్పు ముందే చెప్పేస్తాను, మిగతా వీడియో చూడాలో వద్దో మీ ఇష్టం. ఈ ఊళ్ళో బాగున్నవాటిలో సగానికి పైగా ఉచితం. డబ్బు పెట్టి చూసేవాటిలో ఆ ధరకు తగ్గది నాకు ఒక్కటే కనిపించింది, వేడినీటి స్నానశాల. మిగిలిన టికెట్లు కొనకపోయినా మీరు పోగొట్టుకునేది పెద్దగా లేదు.

మొదట డబ్బు సంగతి. హంగరీ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల్లోనూ ఉంది, కానీ యూరో వాడదు. ఇక్కడ ఫోరింట్. రూపాయికి అటూ ఇటూగా 4 ఫోరింట్లు, కాబట్టి ఏ ధర కనిపించినా నాలుగుతో భాగించండి. మెనూలో 3,000 అని చూడగానే గుండె జారిపోనక్కర్లేదు, అది 750 రూపాయలు. టూరిస్టు వీధుల్లో యూరోలు కూడా తీసుకుంటారు, అయితే రేటు వాళ్ళిష్టం. ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు ‘మీ దేశపు కరెన్సీలో చార్జ్ చేయమంటారా’ అని స్క్రీన్ మీద అడుగుతుంది, చాలా మర్యాదగా. వద్దు అని నొక్కండి. అవునంటే ఆ మిషన్ వాళ్ళ రేటు పడుతుంది, వద్దంటే మీ కార్డు రేటు పడుతుంది. వంద యూరోల మీద ఈ తేడాతోనే ఒక పూట భోజనం పోతుంది. బ్యాంకు బ్రాంచి గోడకు ఉన్న ఏటీఎం అయితే మేలు.

వీసా గురించి ఎక్కువ చెప్పను. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకు షెంగెన్ వీసా కావాలి, పెద్దలకు ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. జర్మనీలో, ఆస్ట్రియాలో చదువుకుంటున్న మన పిల్లలకైతే అక్కడి రెసిడెన్స్ పర్మిట్ చాలు, వేరే వీసా పని లేదు. వియన్నా నుంచి రైల్లో రెండున్నర, మూడు గంటలు. ముందుగా బుక్ చేసుకుంటే టికెట్ చవకగా దొరుకుతుంది, బస్సు ఇంకా చవక.

విమానంలో దిగేవాళ్ళకు ఎదురుగా 100ఈ అనే బస్సు కనిపిస్తుంది. నేరుగా ఊరి మధ్యకు, దేయాక్ తేర్ అనే కూడలికి తీసుకెళ్తుంది. సుఖమే, కాకపోతే దానికి ప్రత్యేక టికెట్, మామూలు టికెట్‌కు నాలుగైదు రెట్లు. దాని పక్కనే 200ఈ ఉంటుంది. అందులో ఎక్కి చివర కోబాన్యా-కిష్‌పెష్ట్‌లో దిగితే మెట్రో మూడో లైను అందుతుంది. రెండింటికీ మామూలు టికెట్లే చాలు. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే ఎయిర్‌పోర్టులోనే 72 గంటల పాస్ తీసేసుకోవడం. సుమారు 6,000 ఫోరింట్లు, మన లెక్కలో 1,500 రూపాయలు. మెట్రో, ట్రామ్, బస్సు, ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు. బుడాపెస్ట్‌గో అనే యాప్‌లో కూడా కొనుక్కోవచ్చు.

విడి టికెట్ కొంటే మాత్రం ఒక జాగ్రత్త. కొనగానే సరిపోదు, మెట్రో మెట్ల దగ్గరో బస్సులోనో ఉండే చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. జేబులో కొత్త టికెట్ ఉన్నా ముద్ర లేకపోతే జరిమానా. చేతికి పట్టీ కట్టుకున్న చెకింగ్ వాళ్ళు టూరిస్టులు ఎక్కువగా ఎక్కే స్టేషన్లలోనే నిలబడతారు, నాకు తెలియదండీ అంటే వినరు.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, ఇది మెట్రో ఒకటో లైను. మ్యూజియం అనుకోకండి, రోజూ జనం ఎక్కి దిగే రైలే. 1896లో మొదలైంది. లండన్‌ను పక్కన పెడితే యూరప్ ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ మెట్రో ఇదే. 2002లో యునెస్కో వారసత్వ జాబితాలోకి చేరింది. అంద్రాషీ రోడ్డు కింద ఎంత పైపైన తవ్వారంటే, నాలుగు మెట్లు దిగేసరికి ప్లాట్‌ఫాం వచ్చేస్తుంది. తెల్ల టైల్స్, రివెట్లు కొట్టిన ఇనుప స్తంభాలు, స్టేషన్ పేర్లు కూడా గోడ మీద టైల్స్‌తోనే. పసుపు పెట్టెలు, పొట్టి రైలు, లోపల పట్టుకోవడానికి తోలు పట్టీలు. కొంచెం పొడుగ్గా ఉన్నవాళ్ళు తల చూసుకోవాలి. ఇంకో చిక్కు, చాలా స్టేషన్లలో ఈ వైపు ప్లాట్‌ఫాం నుంచి ఆ వైపుకు కింద దారి ఉండదు. రోడ్డుకు చెరో పక్కన వేరే మెట్లు. ఎటు వెళ్ళాలో దిగకముందే బోర్డు చూసుకోండి.

1896 అన్నాను కదా, ఆ ఏడాది ఈ ఊరికి పెద్ద పండగ. హంగరీవాళ్ళ పూర్వీకులు ఇక్కడికి వచ్చి వెయ్యేళ్ళు అయిందని 896 నుంచి లెక్కగట్టి ఉత్సవాలు చేశారు. పార్లమెంటు గోపురం ఎత్తు 96 మీటర్లు, సెయింట్ స్టీఫెన్ బసిలికా కూడా 96 మీటర్లే. ఆ అంకె మీద అంత మోజు.

ఉండటానికి ఎక్కువమంది ఏడో డిస్ట్రిక్ట్‌కే వెళ్తారు. పాత యూదుల పేట. యూరప్‌లోకెల్లా పెద్ద సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, అక్కడి దోహాన్ వీధిలోనే ఉంది. పాడుబడ్డ ఇళ్ళలో పెట్టిన రూయిన్ బార్లు కూడా అక్కడే. హాస్టల్ మంచం సీజన్ బట్టి 5,000 నుంచి 10,000 ఫోరింట్ల మధ్య దొరుకుతుంది. ఆగస్టులో సిగెత్ సంగీతోత్సవం, ఎండాకాలంలో ఫార్ములా వన్ రేసు, డిసెంబర్లో క్రిస్మస్ మార్కెట్లు. ఈ మూడు సమయాల్లోనూ రేట్లు చెట్టెక్కి కూర్చుంటాయి. నా సలహా, కాజిన్‌త్సి వీధి మీద ఉండే హాస్టల్ మాత్రం వద్దు. రాత్రి మూడింటికి కూడా కింద పాటలు, కేకలు. నాలుగు సందులు అవతల తీసుకుంటే అదే ధరకు నిద్ర కూడా పడుతుంది. 6 నంబర్ ట్రామ్ రాత్రంతా తిరుగుతుంది కాబట్టి దూరం అని టెన్షన్ అక్కర్లేదు.

ఇక తిండి. మనవాళ్ళు అందరూ అడిగేది ఇదే. నిజం చెప్పాలంటే ఇది మాంసం ఊరు. గుయాష్ అనే పులుసు బీఫ్‌తో చేస్తారు, మిగతా చాలావాటిలో పంది మాంసం. కూరగాయల వంటలో కూడా పంది కొవ్వు వాడే అలవాటు పాతదే. పట్టింపు ఉన్నవాళ్ళు ‘మాంసం, బేకన్, పంది కొవ్వు వద్దు’ అని హంగేరియన్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. అంత మాత్రాన బ్రెడ్డు, అరటిపండ్లతో బతకనక్కర్లేదు. ఫోజెలేక్ అని ఒకటుంది. పాలకూర, బఠానీ, గుమ్మడి, పప్పు ధాన్యాలు, ఏదో ఒకటి మెత్తగా ఉడికించి, పిండితోనో పుల్లటి మీగడతోనో చిక్కబరుస్తారు. ఆఫీసువాళ్ళు మధ్యాహ్నం తినే చిన్న భోజనశాలల్లో ఇది ఉంటుంది. వాటిని ఎత్‌కెజ్దె అంటారు. అద్దం వెనక స్టీలు ట్రేలు, గరిటె పట్టుకున్న పెద్దావిడ, వేలు పెట్టి చూపించడమే మన భాష. పైన సాసేజీ వేయబోతే వద్దనండి, వేపిన గుడ్డు వేయమనండి. కుర్చీ ఖాళీ లేకపోతే తెలియనివాళ్ళ బల్ల దగ్గరే కూర్చోవాలి, ఎవరూ ఏమనుకోరు. అవి శని ఆదివారాలు చాలావరకు మూసేస్తారు, మామూలు రోజుల్లోనూ సాయంత్రానికి షట్టర్ దించేస్తారు.

రుచి సంగతి అడిగితే, మెత్తగా, కమ్మగా, మన నాలుకకు చప్పగా ఉంటుంది. దానికీ మందు ఇక్కడే ఉంది. ఎరోష్ పిష్తా అని సూపర్‌మార్కెట్లో చిన్న గాజు సీసా అడగండి. ఎర్ర మిరపకాయలు గింజలతో సహా నూరిన ముద్ద, ఉప్పు బాగా దట్టించి. చింతపండు వేయకుండా రుబ్బిన పండుమిరపకాయ పచ్చడే అనుకోండి. సగం చెంచా కలిపితే ఫోజెలేక్ లేచి కూర్చుంటుంది. ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం, క్యాబిన్ బ్యాగ్ ఒక్కటే ఉన్నవాళ్ళకు సీసా కుదరదు, పేస్టు కూడా ద్రవాల లెక్కలోకే వస్తుంది. పిరోష్ అరాన్ అని చిన్న ట్యూబులో వచ్చే మిరప పేస్టు ఉంది, అది వేసుకోండి.

మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెస్టారెంట్ల బయట పలక మీద చేత్తో రాసి ‘నపి మెన్యూ’ అని పెడతారు. సూపు, ఒక వంటకం కలిపి తక్కువ ధరకు. రాత్రి అదే చోట అదే ప్లేటుకు చాలా ఎక్కువ. కాబట్టి పెద్ద భోజనం మధ్యాహ్నం చేసేసి, రాత్రికి లాంగోష్‌తో సరిపెట్టుకోండి. లాంగోష్ అంటే పులియబెట్టిన పిండిని అరచేయంత కాదు, పళ్ళెమంత సాగదీసి నూనెలో వేయించి, పైన వెల్లుల్లి నీళ్ళు రాసి, మీగడ, తురిమిన చీజ్ వేసి ఇస్తారు. ఒకటి తింటే ఇంకేం తినబుద్ధి కాదు. పెద్ద మార్కెట్ హాలు పై అంతస్తులో టూరిస్టు రేటు. ఆ 1897 నాటి కట్టడాన్ని, కింద వేలాడదీసిన మిరప దండలను చూసి రండి, తినడం మాత్రం బయట తినండి.

వాత్సి వీధి దగ్గర ఒక రెస్టారెంట్లో జరిగింది చెప్తాను. బిల్లులో సర్వీస్ చార్జ్ ముందే కలిపేశారు, అది చిన్న అక్షరాల్లో ఉంది. తర్వాత వెయిటర్ కార్డు మిషన్ తెచ్చి ‘టిప్ ఎంత శాతం వేయమంటారు’ అని నిలబడ్డాడు. బిల్లు మీద వేలు పెట్టి చూపిస్తే నవ్వి వెళ్ళిపోయాడు. పేచీ ఏం లేదు, చూడకపోతే మాత్రం రెండుసార్లు కట్టేవాళ్ళం.

చూసేవాటికి వద్దాం. పార్లమెంటు లోపలికి టికెట్ యూరోపియన్ దేశాలవాళ్ళకు ఒక ధర, మనకు దాదాపు రెట్టింపు. నేను వద్దంటాను. మెట్రో రెండో లైనులో డాన్యూబ్ నది దాటి బత్త్యానీ తేర్‌లో దిగి, చీకటి పడ్డాక ఒడ్డున కూర్చోండి. ఎదురుగా మొత్తం భవనం లైట్లతో, పైసా ఖర్చు లేదు. పడవ షికారు కూడా అంతే. పార్లమెంటు ఉన్న ఒడ్డున 2 నంబర్ ట్రామ్ నదిని ఆనుకునే వెళ్తుంది, మీ పాస్‌లోనే. కుడా ఎడమా అని కంగారు పడకుండా నది వైపు కిటికీ చూసుకుని కూర్చుంటే చాలు.

కోట గుట్ట మీదికి ఫ్యూనిక్యులర్, అంటే తాడుతో పైకి లాగే చిన్న రైలు, ఉంది, రెండు నిమిషాల ప్రయాణానికి చాలా డబ్బు. దేయాక్ తేర్ నుంచి 16 నంబర్ బస్సు చైన్ బ్రిడ్జి మీదుగా అక్కడికే వెళ్తుంది. ఆ వంతెన 1849 నాటిది. 1945లో వెనక్కి వెళ్తూ జర్మన్ సైన్యం ఊళ్ళోని వంతెనలన్నీ పేల్చేసింది, దీన్ని మళ్ళీ కట్టి 1949లో తెరిచారు. గుట్ట మీద ఫిషర్‌మెన్స్ బాస్టియన్ అనే బురుజుల కట్టడంలో పై వరుసకే టికెట్, కింద వరుస ఉచితం, ఫొటోకు రెండూ ఒకటే. పొద్దున్నే వెళ్ళండి. తొమ్మిది దాటితే పెళ్ళి ఫొటోల వాళ్ళతో, గ్రూపు టూర్లతో నిలబడే చోటు ఉండదు.

మార్గిట్ దీవి, గెల్లెర్ట్ కొండ, హీరోస్ స్క్వేర్ అన్నీ ఉచితమే, నడిచే ఓపిక ఉంటే చాలు. పార్లమెంటు నుంచి చైన్ బ్రిడ్జి వైపు ఒడ్డు వెంట నడుస్తుంటే ఇనుప బూట్లు కనిపిస్తాయి. 60 జతలు. 1944-45లో యారో క్రాస్ అనే హంగరీ నాజీ పార్టీ మూకలు యూదులను నది ఒడ్డున నిలబెట్టి, బూట్లు విప్పించి, కాల్చి నీళ్ళలో పడేశారు. ఆ గుర్తుగా 2005లో పెట్టారు. కొందరు వాటిలో కాళ్ళు పెట్టి సెల్ఫీలు తీసుకుంటున్నారు. దయచేసి మనవాళ్ళు ఆ పని చేయకండి.

మనకు సంబంధించిన ముక్క ఒకటి. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ పుట్టింది ఈ ఊళ్ళోనే, 1913లో. తల్లి హంగరీ ఆవిడ.

అదే 1913లో తెరిచింది సేచేనీ స్నానశాల. డబ్బు పెట్టమన్నది ఇక్కడే. టికెట్ 10,000 ఫోరింట్లు దాటుతుంది, అంటే 2,500 రూపాయల పైమాటే. ఎక్కువే. కానీ రోజంతా ఉండొచ్చు. భూమిలోంచి వచ్చే వేడి నీళ్ళు, ఆరుబయట పసుపు రంగు భవనాల మధ్య పెద్ద కొలనులు. చలికాలంలో ఒడ్డున పళ్ళు టకటకలాడతాయి, నీళ్ళలో మెడ దాకా మునిగితే ఒళ్ళంతా వెచ్చన. సంచి బరువుతో తిరిగిన కాళ్ళకు అంతకంటే ఏం కావాలి. ముసలివాళ్ళు ఇద్దరు నీళ్ళలోనే నిలబడి చెస్ ఆడుతుంటారు, చుట్టూ చూసేవాళ్ళు. ఎత్తు వేయడానికి ఎంతసేపైనా ఆలోచిస్తారు, తొందరేం లేదు. అంత ధర వద్దనుకుంటే లూకాచ్ ఉంది, ఊరివాళ్ళు ఎక్కువగా వెళ్ళేది.

స్విమ్మింగ్ డ్రెస్ తప్పనిసరి, పొట్టి నిక్కరు, బనీనుతో దిగనివ్వరు. చెప్పులు, టవల్ హాస్టల్ నుంచే తీసుకెళ్ళండి, అక్కడ కొంటే వాచిపోతుంది. ఈత కొలనులోకి దిగాలంటే తలకు క్యాప్ కూడా కావాలి, వేడి కొలనులకు అక్కర్లేదు. టికెట్ పనిదినాల్లో కాస్త తక్కువ, కాబట్టి స్నానం మంగళవారమో బుధవారమో పెట్టుకుని, శని ఆదివారాలు నడకకు ఉంచుకోండి. ధరలు మారుతూనే ఉంటాయి, బయల్దేరే ముందు ఒకసారి వాళ్ళ సైట్‌లో చూసుకోండి. ఉంటానండీ.