లండన్‌లో మూడు వారాల వేసవి చదువు: గుంటూరు నుంచి వెళ్లే అమ్మాయి ఏం పట్టుకెళ్లాలి?

నమస్కారం. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి పంపిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయి విజయవాడలో జర్నలిజం డిగ్రీ చదువుతోంది. లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం వేసవిలో మూడు వారాల కమ్యూనికేషన్స్ కోర్సు నడుపుతోందట, దానికి వెళ్తానంటోంది. "డబ్బు ఎలాగో సర్దుతాను. కానీ అంత పెట్టదగిన చదువేనా? వెళ్లొస్తే పీజీ సీటు చేతిలో ఉన్నట్టేనని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు" అని ఆయన రాశారు.

అయ్యా, ఆ చివరి మాట ముందు తేల్చేద్దాం. అది నమ్మకండి. వేసవి కోర్సు చేసినంత మాత్రాన పీజీ సీటు రాసిచ్చేవారు ఎవరూ ఉండరు. రేపు పెట్టే దరఖాస్తులో అది ఒక మంచి వరుస అవుతుంది, అంతవరకే. కమీషన్ మీద బతికే మనిషిని వెళ్లాలా వద్దా అని అడగడం, పెళ్లిళ్ల పేరయ్యను ఈ సంబంధం మంచిదేనా అని అడగడం లాంటిది. ఆయన ఏనాడైనా కాదన్నాడా?

రెండో సంగతి, తేదీలు. వాళ్ల వేసవి జూన్ నుంచి ఆగస్టు దాకా. మనకు అప్పటికి తొలకరి పడి, కాలేజీలు తెరిచి ఉంటాయి. 75 శాతం హాజరు అడిగే కాలేజీలో మూడు వారాలు కనిపించకపోతే ఏమవుతుందో ప్రిన్సిపాల్‌గారినే అడగండి. అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట పరీక్ష ఫీజు కట్టే రోజున పనికిరాదు. అక్కడి మార్కులు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయా అన్నది కూడా మన విశ్వవిద్యాలయం చేతిలోని పనే. అక్కడివాళ్లు ఇచ్చేది మార్కుల పత్రం మాత్రమే.

వీసా గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. బ్రిటన్‌లో గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు చదువుకు సందర్శక వీసా చాలు, కానీ దాని మీద ఉద్యోగం చేయకూడదు. అదే అమెరికా అయితే వారానికి 18 గంటలు దాటిన చదువుకు విద్యార్థి వీసానే కావాలి, తతంగం ఎక్కువ.

ఇక అసలు విషయం, చదువు. ఇది విహారయాత్ర అనుకుని వెళ్లేవాళ్లకు మొదటి వారంలోనే చుక్కలు కనిపిస్తాయి. ఐరోపా దేశాల లెక్కలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. మూడు వారాల్లో 5 క్రెడిట్లు ఇచ్చే కోర్సు అంటే వారానికి 40 గంటలు దాటిన శ్రమ. పగలు పాఠం, రాత్రి చదువు. చిన్న తరగతుల్లో కూర్చోబెట్టి, నిన్న చదవమన్న వ్యాసం మీద నీ అభిప్రాయం చెప్పు అంటారు. మన పిల్లలు తెలివిలో ఎవరికీ తీసిపోరు, కానీ అధ్యాపకుడి మాటకు ఎదురు చెప్పడం మర్యాద కాదని పెరిగినవాళ్లు. అక్కడ మౌనంగా కూర్చుంటే చదవలేదనుకుంటారు. ఇంకొకటి, సీనియర్ రికార్డు చూసి రాసుకునే అలవాటు ఇక్కడే దింపేసి విమానం ఎక్కాలి. ఎక్కడి నుంచి ఎత్తిన వాక్యమో పట్టేసే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉంటుంది.

ఇంతకీ నేర్పేది ఏమిటి? వార్త మనిషి మీద ఏం చేస్తుందో ఊహించకుండా కొలవడం. ఒక ఉదాహరణ చెబుతాను, ఈ చదువులో ఇది తగలకుండా ఉండదు. 1968లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ అనే ఊళ్లో మెకోంబ్స్, షా అనే ఇద్దరు అధ్యాపకులు, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మందిని కలిశారు. ఈ ఎన్నికల్లో ముఖ్యమైన సమస్యలేమిటని అడిగారు. మరోవైపు, ఆ ఊళ్లో జనం చదివే పత్రికలు, చూసే టీవీ వార్తలు ఏ సమస్యకు ఎంత చోటిచ్చాయో లెక్కగట్టారు. రెండు జాబితాలూ దాదాపు ఒకే వరుసలో వచ్చాయి. జనం దేన్ని పెద్ద సమస్య అనుకుంటారో అందులో వార్తల వాటా ఎంతో అలా బయటపడింది. 1972లో అచ్చయిన ఆ వ్యాసం నుంచే అజెండా సెట్టింగ్ అన్న సిద్ధాంతం బయలుదేరింది.

ఇప్పుడు ఇది విజయవాడకు తెచ్చి చూడండి. పండిట్ నెహ్రూ బస్టాండులో 100 మంది దొరకరా? తెలుగు పత్రికల మొదటి పేజీలు ముందేసుకుని స్కేలు పెట్టి కొలవడానికి వీసా కావాలా? అయితే ఇక్కడో చిక్కుంది, నాకు ఇష్టమైన చిక్కు. ఏ ఇంటికి ఏ పత్రిక వస్తుందో చెబితే ఆ ఇంటి ఓటు చెబుతానని మన దగ్గర నవ్వుతూ అంటుంటారు. అలాంటప్పుడు ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లవాళ్లు రెండు వేరు జాబితాలు చెబితే? చాపెల్ హిల్ లెక్క ఇక్కడ ఎంతవరకు నిలుస్తుంది? ఈ ప్రశ్నతో తరగతిలో చెయ్యెత్తిన అమ్మాయి మాట అధ్యాపకుడు ఆగి వింటాడు. ఆ సిద్ధాంతం గురించి పుస్తకంలో ఉన్నది అప్పజెప్పిన అమ్మాయికి మార్కులు వస్తాయి, అంతే.

లండన్‌కే ఎందుకు వెళ్లాలి అంటే దానికీ జవాబుంది. 1922లో మొదలైన బీబీసీ ఉన్న ఊరది. టీవీ ప్రసారాలు చూసే ఇళ్లు ఏటా లైసెన్సు రుసుము కట్టి దాన్ని పోషిస్తాయి. ఆ రుసుము ఉంచాలా తీసేయాలా అని అక్కడ ఏళ్ల తరబడి కొట్లాట. మనమూ ఒకప్పుడు పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టినవాళ్లమే. అది 1980ల నడుమ పోయింది. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి మాట్లాడుతోంది. ఆకాశవాణి, దూరదర్శన్‌లకు స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం 1990లో చేసి, 1997 దాకా అమలులోకి తేలేదు. వార్తలకు డబ్బు ఎవరు కడితే వార్తలు ఎవరి మాట వింటాయన్న చర్చకు రెండు దేశాల అనుభవమూ తెలిసిన విద్యార్థి దగ్గర సరుకు ఎక్కువ ఉంటుంది. ఈ సంవత్సరాలు, ఈ కథ అమ్మాయి ఇక్కడే చదువుకుని వెళ్లాలి. వాళ్లు మన సంగతి నేర్పరు.

నేర్పరు అన్నాను గానీ, కొంత వాళ్ల పుస్తకాల్లోనూ ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా ఉపగ్రహం అరువు తెచ్చుకుని మనదేశం దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపింది. ఆ పల్లెల్లో తెలుగు పల్లెలూ ఉన్నాయి. సైట్ అని పిలిచే ఆ ప్రయోగం గురించి విదేశాల్లో చదువుకుంటారు. అంతకు 40 ఏళ్ల ముందు, 1935లో, పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. ఆ పడవ గురించి ఎంతమంది జర్నలిజం విద్యార్థులకు తెలుసు? రోడ్డు లేని ఊరికి నీళ్ల మీద పుస్తకం వెళ్లింది. సమాచారం మనిషిని ఎలా చేరుతుందన్న చదువుకు ఇంతకంటే మంచి పాఠం లండన్ సిలబస్‌లో ఉంటుందని నేననుకోను.

ఇక ఆ అమ్మాయికి నేరుగా ఒక మాట. అమ్మా, 1940లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో లాజర్స్‌ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఓటర్లను నెలల తరబడి పదేపదే కలిసి చూసింది. రేడియో, పత్రిక నేరుగా మనసు మార్చడం తక్కువ, ముందు చదివిన పక్కమనిషి చెప్పిన మాటే ఎక్కువ పనిచేస్తుందని తేల్చింది. ఇది నీకు కొత్తా? మిరప ఆకు ముడుచుకుందంటే రైతు ముందు వెళ్లేది పురుగుమందుల కొట్టుకే కదా. 2021–22లో నల్ల తామర పురుగు మీ జిల్లా తోటలను దారుణంగా దెబ్బతీసింది. ఆ కబురు రైతుకు మొదట ఎవరి నోట చేరింది? ఏ మందు కొట్టమని ఎవరు చెప్పారు? కొట్టు యజమానా, వ్యవసాయాధికారా, పక్క పొలం ఆయనా, వాట్సాప్ గ్రూపా? చెప్పిన మాట తప్పని తేలాక కూడా రైతు మళ్లీ అదే మనిషి దగ్గరకు వెళ్లాడా? ఇరవై ముప్పై మంది రైతులను అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకో. ఆ పుస్తకం పట్టుకుని లండన్ వెళ్లు. మూడు వారాల్లో అడగాల్సినవి, కొలవాల్సినవి, సరిదిద్దుకోవాల్సినవి అన్నీ దాని చుట్టూ అల్లుకుంటాయి.

అలాంటి పుస్తకం లేకుండా వెళ్తే? థేమ్స్ ఒడ్డున ఫొటోలు బాగానే వస్తాయి. తండ్రిగారూ, అప్పుడైతే ఆ లక్షలు దాచండి, పీజీకి పనికొస్తాయి. పుస్తకం నిండితే మాత్రం అప్పు చేయకుండా పంపగలిగితే పంపండి. అప్పు చేసి పంపేంత చదువు కాదిది.

ఇంకొక్క విషయం. మిర్చి యార్డుకు సాధారణంగా మే నెలలో వేసవి సెలవులు ఇచ్చేస్తారు. ఆ తర్వాత అక్కడ రైతులు దొరకరు. కాబట్టి మార్చి, ఏప్రిల్‌లోనే వెళ్లాలి, అదీ తెల్లవారుజామునే. బస్తాలు దించి, బేరం కుదిరేదాకా రైతుకు తీరిక ఉంటుంది, మాట్లాడతాడు. ముక్కుకు, నోటికి అడ్డంగా ఒక తువ్వాలు కట్టుకుని వెళ్లు తల్లీ, ఆ ఘాటుకు మొదటి ప్రశ్న అడగకముందే దగ్గు వస్తుంది.